కాలు కట్టులో ఉండగా బరువు పెరుగుతున్నాను, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మెట్లు దిగుతుండగా కాలు మడతపడి కుడి చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. మోకాలి కింది వరకు కట్టు ఉంది. ఆరు వారాల దాకా ఆ కాలు నేల మీద మోపవద్దన్నారు. ఇప్పుడు నాలుగో వారం నడుస్తోంది. ఇంతకు ముందు రోజూ గంటసేపు వేగంగా నడిచేదాన్ని, వారానికి రెండు రోజులు బరువులు ఎత్తేదాన్ని. మూడేళ్లు కష్టపడి 11 కిలోలు తగ్గాను. ఇప్పుడు మంచం, కుర్చీ, చంకకర్రలే నా లోకం. అప్పుడే రెండు కిలోలు పెరిగాను. భయం వేసి రాత్రి భోజనం మానేసి పండ్లతో సరిపెట్టుకుంటున్నాను. అసలు కదలవద్దని ఇంట్లోవాళ్లు, కదలకపోతే కాలు బిగుసుకుపోతుందని చూడటానికి వచ్చినవాళ్లు చెబుతున్నారు. కుడి తొడ చూస్తుండగానే సన్నబడింది. నేను మళ్లీ మునుపటిలా కాగలనా?

సమాధానం: ముందుగా ఈ రాత్రి భోజనం చేయండి. పండ్లతో సరిపెట్టుకోవడం ఇంతటితో ఆపేయండి. మీ ఉత్తరంలో పెరిగిన రెండు కిలోల కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ మానేసిన భోజనమే.

మూడేళ్ల శ్రమ నెలరోజుల్లో కరిగిపోతుందేమోనన్న భయం ఎంత బాధపెడుతుందో ఊహించగలను. అయితే ఈ ఆరు వారాల్లో మీ ఒంట్లో ఏ పని జరుగుతోందో ఒకసారి చూడండి. ప్లేటు, స్క్రూలు ఎముకను అతికించవు. ముక్కలు పక్కకు జరగకుండా పట్టి ఉంచుతాయి, అంతే. అతికించే పని పూర్తిగా మీ శరీరానిదే. చీలమండ బరువు మోయగలిగేంత గట్టిపడటానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా నెలల తరబడి ఎముక తనను తాను సరిదిద్దుకుంటూ ఉంటుంది. ఎముక అనగానే మనకు కాల్షియం గుర్తుకొస్తుంది. కానీ కాల్షియం వచ్చి పేరుకోవడానికి ముందు ఒక అల్లిక ఉండాలి. ఆ అల్లిక కొల్లాజెన్ అనే ప్రోటీన్. ఆపరేషన్ కోత మానడానికీ ప్రోటీనే కావాలి. రాత్రి భోజనం మానేసినప్పుడు ఒంట్లో కొవ్వు ఒక్కటే కరగదు. అసలే పనిలేక సన్నబడుతున్న కండరం నుంచి కూడా శరీరం తనకు కావలసింది తీసుకుంటుంది.

మీ తొడ సన్నబడటానికి కారణం ఇదీ, దానికి తోడు కట్టూ. ఆరోగ్యంగా ఉన్న యువకుల కాలికి కావాలని కట్టువేసి కొలిచిన పరీక్షలో అయిదు రోజులకే తొడ ముందు కండరం సుమారు 3.5 శాతం, రెండు వారాలకు సుమారు 8 శాతం తగ్గింది. బలం ఇంకా వేగంగా తగ్గి, రెండు వారాల్లో అయిదో వంతుకు పైగా పోయింది. గాయం లేనివాళ్ల సంగతే అది. అందుకే ఇప్పుడు మీ లెక్కంతా కండరం మీద ఉండాలి. బరువు ఇప్పుడున్న చోటనే నిలబడితే చాలు. తగ్గించే పని కాలు నేల మీద మోపి, ధైర్యంగా నడిచే రోజు నుంచి మొదలుపెడదాం.

ఇంతకీ ఆ రెండు కిలోలను ఎలా తూచారు? ఒంటికాలి మీద నిలబడి, చంకకర్రల్లో ఒకటి పక్కన పెట్టి తూచుకుని ఉంటే, దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి. పడితే రెండో కాలూ చేయీ ప్రమాదంలో పడతాయి. పైగా ఆ అంకె నమ్మదగింది కూడా కాదు. కట్టు బరువే అర కిలో నుంచి కిలో పైచిలుకు ఉండవచ్చు. గాయం దగ్గరి వాపు అంటే నీరే. అసలు లెక్క ఇలా చూడండి. ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే ఖర్చుకు మించి దాదాపు 7,700 కెలోరీలు తినాలి. గంటసేపు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది మనిషి బరువును బట్టి సుమారు 250 నుంచి 300. అంటే నాలుగు వారాలు నడక మానేసి, తిండి ఏమాత్రం మార్చకపోయినా కిలో దాటి కొవ్వు చేరడం కష్టం. మీరు రాత్రి భోజనం కూడా మానేశారు కాబట్టి ఆ రెండు కిలోల్లో ఎక్కువ భాగం కట్టూ నీరూ అయి ఉండే అవకాశం బాగా ఉంది. తూకం పక్కన పెట్టి, వారానికొకసారి ఒకే రోజు ఉదయం, ఏమీ తినకముందు పడుకుని నడుం చుట్టుకొలత టేపుతో చూసుకోండి. ఈ దశలో అంతకంటే నిజం చెప్పే కొలత మరొకటి లేదు.

ఇక తిండి. గాయం మానుతున్న వ్యక్తికి శరీర బరువులో కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ రోజుకు అవసరమవుతుంది. 70 కిలోల మనిషికి అది 84 నుంచి 112 గ్రాములు. ఇదంతా ఒకే పూట తింటే కండరానికి అంతగా ఉపయోగపడదు. మూడు నాలుగు పూటలకు పంచుకుని, పూటకు 25–30 గ్రాములు వచ్చేలా చూసుకోండి. గుడ్డుకు సుమారు 6 గ్రాములు, పావు లీటరు పాలకు 8 గ్రాములు, వండిన చేప లేదా కోడిమాంసం 100 గ్రాములకు పాతిక గ్రాములు దాకా వస్తుంది. మాంసం తిననివారు పప్పులు, చిక్కుడు జాతి గింజలు, సోయా, పెరుగు కలుపుకుంటూ ఆ లెక్కకు చేరవచ్చు. కాకపోతే ప్రతి పూటా గుర్తుపెట్టుకుని చేరాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క మీకు వర్తించదు. మీ డాక్టరు చెప్పినంతే తినండి.

తగ్గించవలసింది ఎక్కడో చెబుతాను. గంట నడిచిన రోజుల్లో తిన్నదాని నుంచి 200–300 కెలోరీలు తీసేస్తే చాలు. భోజనం జోలికి పోనక్కరలేకుండానే అంత తీసేయవచ్చు: చక్కెర కలిపిన పానీయాలు, నూనెలో వేయించిన చిరుతిళ్లు, మంచం పక్కనే పెట్టుకుని టీవీ చూస్తూ తినేవి. రోజంతా గదిలో ఉన్నవారికి ఆకలికీ విసుగుకూ తేడా తెలియకుండా పోతుంది. అందుకే తినేవన్నీ గదిలో లేకుండా చూడమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. కర్రల మీద వెళ్లి బల్ల దగ్గర కూర్చుని తినండి. చూడటానికి వచ్చేవాళ్లు తెచ్చే తీపి పదార్థాలు మొహమాటానికి తినవలసిన పని లేదు. నొప్పి మాత్రలు కొన్ని మలబద్ధకం తెస్తాయి. కూరగాయలు, నీళ్లు తగ్గించకండి. కాల్షియం రోజుకు 1,000 మిల్లీగ్రాములు చాలు, చాలావరకు ఆహారం నుంచే రావచ్చు. డి విటమిన్ పరీక్ష చేయించకపోయి ఉంటే చేయించమని అడగండి. పొగ తాగే అలవాటు ఉన్నవారు ఇది చదువుతుంటే, ఎముక అతుకుతున్నన్నాళ్లూ దాన్ని పూర్తిగా మానాలి. పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది, కొందరిలో అతకకుండా కూడా ఆగిపోతుంది.

ఇంట్లోవాళ్లు చెప్పిందీ, చూడటానికి వచ్చినవాళ్లు చెప్పిందీ సగం సగం నిజమే. చీలమండ కదలకూడదు, దాని మీద బరువు పడకూడదు. ఆ మాట అక్షరాలా పాటించండి. నొప్పి తగ్గింది కదా అని ఒక్క అడుగు కూడా మోపవద్దు. నొప్పి తగ్గినంత మాత్రాన ఎముక అతికినట్టు కాదు. కానీ డాక్టరు ఆపమన్నది చీలమండను మాత్రమే. కాలి వేళ్లు, మోకాలు, తుంటి, రెండో కాలు, నడుం, చేతులు అన్నీ కదలాలి. కింద చెప్పేవి మొదలుపెట్టేముందు మీ సర్జనుకు ఒక ఫోను చేసి, మోకాలి, తుంటి కదలికల మీద ఏమైనా నిషేధం ఉందా అని అడగండి. చీలమండ విరిగిన చాలామందికి ఉండదు. ఉంటే మాత్రం ఆయన మాటే చెల్లుతుంది.

అన్నిటికంటే ముందు తొడ బిగింపు. చూడటానికి వ్యాయామంలా కనిపించదు కాబట్టి చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నేను మాత్రం దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. చిన్న తువ్వాలును చుట్టగా చుట్టి కుడి మోకాలి కింద పెట్టండి. ఆ తువ్వాలును మోకాలి వెనక భాగంతో కిందికి నొక్కండి. అప్పుడు మోకాలి చిప్ప తొడ వైపుకు కొద్దిగా జరగాలి. వేళ్లు చిప్ప పైన ఆనించి చూస్తే ఆ జరగడం తెలుస్తుంది. మొదటి రోజుల్లో తెలియకపోవచ్చు. మనసు నొక్కమంటుంది, కండరం వినదు. అప్పుడు ఎడమ తొడను ముందు బిగించి, వెంటనే కుడి తొడను బిగించి చూడండి. లేదా రెండూ కలిపి బిగించండి. పట్టు దొరుకుతుంది. అయిదారు సెకన్లు పట్టి ఉంచి వదలండి. ఊపిరి బిగపట్టకుండా పైకి అంకెలు లెక్కపెడుతూ చేయండి. పదిసార్లు చేస్తే ఒక విడత. రోజులో నాలుగైదు విడతలు చేయండి. నిజానికి మీరు మెలకువగా ఉన్న ప్రతి రెండు మూడు గంటలకు ఒకసారి చేస్తే ఇంకా మంచిది. పిరుదులు బిగించి వదలడం కూడా ఇలాగే.

తర్వాత కాలు ఎత్తడం. వెల్లకిలా పడుకుని ఎడమ మోకాలు మడిచి, కుడి కాలును తిన్నగా ఉంచి ఎడమ మోకాలి ఎత్తు దాకా లేపి, నెమ్మదిగా దించాలి. కట్టు ఉంది కాబట్టి వేరే బరువు అవసరం లేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుని కుడి కాలును పైకి లేపడం కూడా మానకండి. తుంటి పక్కనుండే ఆ కండరం బలహీనపడితే, కట్టు విప్పాక చీలమండ బాగున్నా నడక ఒక పక్కకు ఒరుగుతుంది. కాలు బాగైనా కుంటు పోలేదని నెలల తర్వాత వచ్చేవాళ్లలో కొందరికి లోపం చీలమండలో ఉండదు, అక్కడ ఉంటుంది.

ఎడమ కాలికి పని ఎక్కువ పెట్టండి. ఒక కాలితో వ్యాయామం చేస్తే, ఏ పనీ చేయని రెండో కాలికి కూడా కొంత బలం చేరుతుంది. 1894లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం దీన్ని మొదటిసారి ప్రచురించింది. ఆ తర్వాత ఎన్నో పరీక్షల్లో రుజువైంది. కండరం పెరగకపోయినా, దాన్ని నడిపించే నాడీ వ్యవస్థ నేర్చుకున్నది రెండో పక్కకు కూడా అందుతుంది. చేతులున్న బరువైన కుర్చీని గోడకు ఆనించి, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని, కుర్చీ చేతుల మీద ఆనుకుంటూ ఎడమ కాలి బలంతో లేచి కూర్చోండి. ఎనిమిది సార్లు చాలు. భయమనిపిస్తే ఇది వదిలేసి, కూర్చుని ఎడమ కాలికి రబ్బరు పట్టీ తగిలించి మోకాలు చాపడంతో సరిపెట్టుకోండి.

గుండెకు, ఊపిరితిత్తులకు కావలసిన శ్రమ చేతులతో ఇవ్వవచ్చు. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, రెండు రోజులు కండరాలకు పని పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ శ్రమ కాళ్లతోనే చేయాలన్న షరతు లేదు. కుడి కాలును మరో కుర్చీ మీద దిండు వేసి చాపి, వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. చేతులతో గాలిలో ముష్టిఘాతాలు విసరండి, రెండు నిమిషాలు చేసి ఒక నిమిషం ఆగండి. ఇలా 15 నుంచి 20 నిమిషాలు చేస్తే వేగంగా నడిచినప్పటి ఆయాసం వస్తుంది. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే కొలత. చేతులతో పనిచేస్తే గుండె వేగం త్వరగా పెరుగుతుంది కాబట్టి రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. మీకు బరువులు ఎత్తే అలవాటు ఉంది కాబట్టి డంబెల్స్ కూడా వాడండి. కానీ తలపైకి ఎత్తేవి తగ్గించండి. రోజంతా చంకకర్రలను కిందికి నొక్కి నొక్కి భుజాలు, మణికట్లు ఇప్పటికే అలసిపోయి ఉంటాయి. రబ్బరు పట్టీని వెనక్కి లాగే వ్యాయామాలు వాటికి ఊరట.

చంకకర్రల సంగతి వచ్చింది కాబట్టి ఒకసారి సరిచూసుకోండి. పేరులో చంక ఉన్నా బరువు మోయవలసింది అరచేతులే. నిలబడినప్పుడు కర్ర పై అంచుకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, పిడి పట్టుకుంటే మోచేయి కొంచెం వంగాలి. చంకలో ఆనుకుని వేలాడితే నరం నొక్కుకుపోయి చేతిలో తిమ్మిరి, పట్టు తగ్గడం మొదలవుతాయి. ఒక కాలు ఎత్తి పట్టుకుని కర్రలతో నడవడానికి అదే దూరం మామూలుగా నడిచినదానికి దాదాపు రెట్టింపు శక్తి ఖర్చవుతుంది. ఇంట్లో గంటకొకసారి లేచి ఈ గది నుంచి ఆ గదికి వెళ్లి రావడం కూడా మీ వ్యాయామంలో భాగమేనని లెక్కేసుకోండి. మెట్లు మాత్రం వీలైనంత వరకు వద్దు.

వ్యాయామం ముగిశాక ప్రతిసారీ కాలును గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్ల మీద పెట్టి 20 నిమిషాలు పడుకోండి. మరునాడు ఉదయం వేళ్ల వాపు ముందురోజు కంటే ఎక్కువగా ఉంటే శ్రమ ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించండి.

కొన్నిటికి మాత్రం మరునాటి దాకా ఆగవద్దు. పిక్కలో లేదా తొడలో కొత్తగా నొప్పి, వాపు, వేడి కనిపిస్తే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. కట్టు లోపల ఉండే పిక్క ఎలాగూ కనిపించదు కాబట్టి, కట్టు హఠాత్తుగా బిగుతైనట్టు అనిపించినా అలాగే అనుమానించాలి. ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. కట్టు లోపల మాత్రలకు లొంగని, పెరిగిపోతున్న నొప్పి, వేళ్లు తిమ్మిరెక్కడం, నీలంగా లేదా పాలిపోయి కనిపించడం, జ్వరం, కట్టు దగ్గర దుర్వాసన, వీటిలో ఏదున్నా వెంటనే డాక్టరుకు చూపించండి.

మునుపటిలా కాగలరా అన్న ప్రశ్నకు నా సమాధానం, అవకాశం చాలా బాగుంది. ఒకసారి పెంచుకున్న కండరం రెండోసారి త్వరగా వస్తుంది. మీరు మూడేళ్లు పెట్టిన శ్రమ ఆ రూపంలో మీకు మిగిలే ఉంది. కానీ కట్టు విప్పిన రోజే పాత నడక వస్తుందని అనుకోకండి. ఆ రోజు చీలమండ కొయ్యబారి ఉంటుంది, పిక్క సగం అయిపోయినట్టు కనిపిస్తుంది, సాయంత్రానికి పాదం వాస్తుంది. ఆ వాపు కొన్ని నెలల పాటు వచ్చిపోతూ ఉండటం మామూలే. పూర్తి బరువు మోపి కుంటకుండా నడవగలిగాక కదలని సైకిలు తొక్కవచ్చు. కోత పూర్తిగా మానితే నీళ్లలో నడవవచ్చు. నడుం లోతు నీళ్లలో శరీర బరువులో సగం దాకా నీరే మోస్తుంది. ఒంటికాలి మీద నిలబడే సాధన తప్పనిసరి. దాన్ని వదిలేస్తే చీలమండ మళ్లీ మడతపడే ప్రమాదం ఎక్కువ. పాత వేగంతో గంట నడకను మూడు నెలలకు ముందు ఆశించకండి. బరువు తగ్గించే పని అప్పుడు మొదలుపెట్టినా, వారానికి పావు కిలో నుంచి అర కిలోకు మించి తొందరపడకండి.

ఆరో వారం ఎక్స్‌రే తీశాక డాక్టరు "కొంచెం కొంచెంగా మోపండి" అని చెప్పి పంపవచ్చు. అంతటితో లేచి రాకండి. ఎన్ని కిలోలు మోపాలి, ఎన్ని రోజులకొకసారి ఎన్ని కిలోలు పెంచాలి, చీలమండను ఏ దిశలో ఎంతవరకు కదపవచ్చు, ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఇవన్నీ అడిగి చీటీ మీద అంకెల్లో రాయించుకోండి. ఇంటికి వచ్చాక తూకం యంత్రాన్ని, అదే మందం ఉన్న పలకను పక్కపక్కన పెట్టండి. ఎడమ కాలు పలక మీద, కుడి పాదం యంత్రం మీద ఉంచి, రెండు కర్రల మీద ఆనుకుని, పక్కన ఒక మనిషి ఉండగా, చీటీలోని అంకె వచ్చేదాకా నెమ్మదిగా నొక్కండి. ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో పాదానికి తెలిసేదాకా రోజూ నాలుగైదు సార్లు అలా చేసి, ఆ తర్వాతే అడుగు వేయండి.